దుర్గాభవాని కట్టిన గలిలయ సముద్రం

బరంపురంలో పందిళ్లు వేసేవాళ్లకు కొదవ లేదు. కాని నవ్వుతూ పందిరి వేసే మనిషి ఒక్క దుర్గాభవానే. వెదురు నిచ్చెన మీద నిలబడి, పళ్ల మధ్య మేకులు పట్టుకుని కూడా నవ్వేస్తుంది. "ఓలమ్మా, మేకు మింగీగలవు!" అని కింద పనివాళ్లు కేకలు పెడితే ఇంకాస్త నవ్వుతుంది. మొదలైతే ఆగే నవ్వు కాదది. పెళ్లిచూపులనాడు జగదీశ్వరరావు టీలో ఈగ పడింది. ఆయన దాన్ని చెంచాతో జాగ్రత్తగా తీసి, సాసరు అంచున పడుకోబెట్టి, "రెక్కలారినాక అదే ఎల్పోతాదిలెండి" అన్నాడు. పెళ్లికూతురు పమిట చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగు తీసింది. ఇదేం పిల్లరా బాబూ అని పెద్దలు మొహమొహాలు చూసుకుంటుంటే, పెళ్లికొడుకు మాత్రం ఈగ మీంచి చూపు మరల్చకుండానే, "నాకు సమ్మతవే" అన్నాడు.

ఆమె తండ్రి సూర్యారావు సోంపేట నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, దసరా పందిళ్లకు వెదుళ్లు మోసి, ఆ పనిలోనే పండిపోయాడు. తండ్రి వెనకాలే తిరిగిన దుర్గాభవాని అక్షరాలకంటే ముందు తాడుముడులు నేర్చింది. ఠాకురాణి అమ్మవారి యాత్రకు కోటలు కట్టింది, దసరాకు థర్మోకోల్‌తో మంచుకొండలు లేపింది. ఒకసారి పురుషోత్తంపూర్‌లో కాళీపూజకు గుహ కట్టి, అందులోంచి బయటికి వచ్చే దారి పెట్టడం మరిచిపోయింది. లోపలికి పోయేవాళ్లూ బయటికి రావలసినవాళ్లూ ఒకే సందులో ఎదురుపడి, పూజారితో సహా అందరూ చాలాసేపు అమ్మవారి సన్నిధిలోనే ఉండిపోయారు. ఈ సంగతి ఊళ్లో ఎవరూ చెప్పుకోరు. ఆమే అందరికీ చెప్పి నవ్విస్తుంది.

జగదీశ్వరరావు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. మబ్బు లేకపోయినా గొడుగు పట్టుకు తిరిగే మనిషి. నీళ్లంటే ఆయనకు చచ్చేంత భయం. గోపాల్‌పూర్ బీచికి వెళితే బూట్లు విప్పకుండా ఒడ్డుకు అల్లంత దూరాన ముంతకింద పప్పు తింటూ కూర్చుంటాడు. "అక్కడికే వత్తాదేటి సముద్రం?" అని భార్య వెక్కిరిస్తే, "దానికేటి నమ్మకం" అంటాడు.

కిందటేడు నవంబరులో వాళ్లింటికి పాస్టర్ వినయ్ గారు వచ్చారు. రెండు సందుల అవతల ఉన్న చిన్న తెలుగు చర్చి ఆయనది. వెంట ఆయన కూతురు రేష్మ కూడా ఉంది. ఆ అమ్మాయి బడిలో భూగోళం చెబుతుంది, ఆదివారాలు చర్చిలో పిల్లలకు వాక్యం చెబుతుంది. ప్రతి క్రిస్మస్‌కూ పశువుల పాకే వేస్తున్నామనీ, ఈసారి సంఘం పుట్టి యాభై ఏళ్లు నిండుతున్నాయి గనక కొత్తగా ఏదైనా కావాలనీ పాస్టర్ గారు అన్నారు.

"గలిలయ సముద్రం కట్టాలమ్మా. నీళ్లతో."

దుర్గాభవాని కళ్లు మెరిశాయి. "సముద్రమా! అయితే నాకొగ్గీండి అయ్యగారూ. గోపాల్‌పూర్ నాకు తెలీందేటి? అలలు లేపుతాను, నురుగు ఏత్తాను, ఒడ్డున పీతలెడతాను..."

"ఆంటీ, పీతలొద్దు," అంది రేష్మ. "అది ఉప్పునీళ్ల సముద్రం కాదు."

"మరేటి?"

"మంచినీళ్ల సరస్సు."

"ఇప్పుడే గదే సముద్రమన్నారు మీ నాన్నగారు?"

"పేరు సముద్రం ఆంటీ. ఉన్నది పెద్ద చెరువు. మన చిలికా సరస్సులో అలాంటివి అయిదారు పడతాయి."

అంతే, దుర్గాభవాని నవ్వు మొదలైంది. "మా ఈదిలో కుక్కపిల్లకి సింహమని పేరెట్టినారు, అలగన్నమాట!" అంటూ గోడకు చేరగిలబడిపోయింది. పాస్టర్ గారు మొదట కంగారు పడ్డారు. తరవాత ఆయనకూ నవ్వు తగులుకుంది. నవ్వుతూనే, ఇంతకీ ఈవిడ నవ్వుతున్నది వాక్యాన్నా చెరువునా అని అనుమానం వచ్చి కాస్త తగ్గారు.

రేష్మ ఫోనులో పటం తెరిచింది. ఉత్తరాన మంచుతలపాగా పెట్టుకున్న హెర్మోను కొండ. అక్కడినుంచి దిగివచ్చే యొర్దాను నది సరస్సులోకి ఉత్తరాన ప్రవేశించి దక్షిణాన బయటపడుతుంది. చుట్టూ కొండలు, మధ్యలో పళ్లెం అడుగులా నీళ్లు. ఈ నీళ్లు సముద్రమట్టానికి రెండువందల మీటర్లకు పైగా కిందున్నాయని రేష్మ చెబితే దుర్గాభవాని నమ్మలేదు.

"సముద్రంకన్నా కిందనా? అయితే సముద్రం ఒచ్చి అందులో పడిపోదేటి?"

"మధ్యలో కొండలున్నాయి గదా ఆంటీ."

"మరి పేరేటి, ఒక్కటేనా?"

"చాలా ఉన్నాయి. తిబెరియ సముద్రమంటారు, గెన్నేసరెతు అంటారు. అన్నిటికన్నా పాతది కిన్నెరెతు. వాళ్ల భాషలో తీగలవాయిద్యం పేరులోంచి వచ్చిందంటారు. ఆకారం అలాగే ఉంటుంది."

"కిన్నెరా!" దుర్గాభవాని పటాన్ని అటూ ఇటూ తిప్పింది. నిజమే, పైన వెడల్పు, కింద సన్నం. "ఓలబ్బో, ఈ సెరువుని వాయించొచ్చు!"

ఎక్కడ కట్టాలన్నది తేలడానికి ఆట్టే సేపు పట్టలేదు. చర్చి ఆవరణలో వెనకవైపు ఒక పెద్ద పల్లం ఉంది. వానాకాలంలో మోకాలెత్తు నీళ్లు నిలిచి, కప్పలు ఆరాధనకు ఎదురు పాట పాడతాయి. దాన్ని పూడ్పించాలని పాస్టర్ గారు ఏళ్లుగా అనుకుంటున్నారు. దుర్గాభవాని ఆ పల్లం అంచున నిలబడి చేతులు చాపింది.

"దేముడు మీకు గలిలయ ముందే తవ్వి ఎట్టినాడు అయ్యగారూ. పల్లంలో ఉండాలన్నారు, పల్లంలోనే ఉంది. పూడ్సినారు కాదు, మంచిపని సేసినారు."

అయితే ఆమెకు ఒక పట్టింపు ఉంది. చూడకుండా ఏదీ కట్టదు. కోటయితే కోట చూసి రావాలి, కొండయితే కొండెక్కి దిగాలి. గలిలయ దాకా వెళ్లడం ఎలాగూ కుదరదు గనక, మంచినీళ్ల సరస్సు ఎలా ఊపిరి తీస్తుందో చూద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం ఛత్రపురం దగ్గరి తంపర సరస్సుకు బయలుదేరింది. స్కూటరు తను నడుపుతుంటే వెనక జగదీశ్వరరావు గొడుగుతో. రేష్మ తన స్కూటీ మీద. అక్కడ పడవ గంగన్న ఎదురుచూస్తున్నాడు. ఆర్యపల్లి బెస్తవాడు, యాత్రలప్పుడు ఆమె పందిళ్లకు పాత వలలు ఇచ్చేది ఆయనే.

జగదీశ్వరరావు ఒడ్డునే ఉండిపోయాడు. "మీరు సూసి రండి, నాను ఇక్కడినుంచి సూత్తాను," అని గొడుగు విప్పుకున్నాడు.

పడవ సరస్సు మధ్యకు చేరేసరికి ఎక్కడినుంచో గాలి లేచింది. అప్పటిదాకా అద్దంలా ఉన్న నీళ్లు ఒక్కసారిగా మడతలు పడ్డాయి. పడవ అటు ఒరిగి ఇటు ఒరిగితే దుర్గాభవాని రెండు చేతులా అంచు పట్టుకుని కేరింతలు కొట్టింది.

"సముద్రంలో గాలి ముందుగా కబురెట్టి వత్తాది," అన్నాడు గంగన్న తెడ్డు ఆపకుండా. "సెరువులో గాలి దొంగలాగ వత్తాది."

"గలిలయలోనూ అంతే గంగన్న తాతా," అంది రేష్మ. "కొండల మీది చల్లగాలి సందుల్లోంచి ఒక్కసారి కిందికి దూకుతుంది. కింద నీళ్ల మీద వేడిగాలి ఉంటుంది గదా, రెండూ కలబడతాయి. అలాంటి గాలివానలోనే ప్రభువు పడవలో తలగడ మీద నిద్రపోయాడు. శిష్యులు చచ్చిపోతున్నామని లేపితే, లేచి గాలిని గద్దించాడు. గాలి ఆగిపోయింది."

"నిద్దరోనాడా? అంత గాలిలోనా?" దుర్గాభవానికి ఆ మాట చాలా నచ్చింది. "మా ఇంట్లోనూ ఉన్నారొకరు, బస్సులో కూడా నిద్దరోరు."

అలా మాటల్లో రేష్మ ఆ సరస్సు ఒడ్డు కథలన్నీ చెప్పింది. కపెర్నహూము, బేత్సయిదా, మగ్దల అన్నీ ఒడ్డున ఉన్న చేపల ఊళ్లేనట. ప్రభువు పెద్ద పట్టణాలు వదిలేసి ఎక్కువకాలం ఈ ఒడ్డునే తిరిగాడట. గుంపు మీదపడితే పడవెక్కి కొంచెం దూరం జరిగి, అక్కడినుంచి మాట్లాడేవాడట. మాట నీళ్ల మీదుగా అందరికీ వినబడేదట. వలలు విసురుతున్న అన్నదమ్ములు పేతురు, అంద్రెయ, వలలు బాగుచేసుకుంటున్న అన్నదమ్ములు యాకోబు, యోహాను. నా వెంట రండి అంటే వలలు వదిలేసి వెళ్లిపోయారట.

గంగన్న తెడ్డు ఆగింది. "వలలొగ్గీసి ఎల్పోనారా? ఇంట్లో ఆడోలు ఊరుకున్నారేటి?"

"పేతురు అత్తగారికి జ్వరమొస్తే ప్రభువే తగ్గించాడు తాతా."

గంగన్న గడ్డం గోక్కున్నాడు. "అత్తకి జొరం తగ్గించినాడా? అయితే ఎల్లొచ్చు," అని మళ్లీ తెడ్డు వేశాడు.

దుర్గాభవాని ఈసారి నవ్వలేదు. ఒడ్డున వల చిక్కులు తీసుకుంటున్న మనుషుల వైపు చూస్తోంది. ఎండకు నల్లబడిన వీపులు, వేళ్లకు తాడు కోతలు. ఆమె అరచేతుల్లోనూ అవే కోతలున్నాయి. "ఇలాటోలనే పిలిసినాడా!" అనుకుంది. ఏదో తెలియని సంబరం ఆమె గుండెలో గిరగిరా తిరిగింది. తిరుగు ప్రయాణంలో స్కూటరు నడుపుతూ పాటందుకుంటే వెనక కూర్చున్న భర్త, "రోడ్డు సూడే తల్లీ, రోడ్డు," అని వేడుకుంటూనే ఉన్నాడు.

డిసెంబరు మొదలవగానే పని అందుకుంది. పల్లం అంచుల్ని ఇసుక బస్తాలతో కిన్నెర ఆకారానికి తెచ్చింది. అడుగున నీలం టార్పాలిన్ పరిచింది. ఉత్తరాన థర్మోకోల్‌తో హెర్మోను లేచింది, దాని కాళ్ల దగ్గర ఒక గొట్టం దాచి నీళ్లు వదిలితే అదే యొర్దాను. దక్షిణాన ఇంకో గొట్టం, అది వీధి కాలవలోకి. తూర్పున గోనెలకు మట్టి పూసి నిటారుగా కొండలు నిలబెట్టింది. పడమటి కొండల మధ్య ఒక సందు వదిలి, అందులో పెళ్లిళ్ల పెద్ద ఫ్యాన్లు దాచింది. గాలి దూకేది అక్కడినుంచే. కపెర్నహూము ఇళ్లు నల్లరాతివని రేష్మ చెబితే అట్టపెట్టెలకు నల్లరంగు పూసి ఊరు కట్టింది. ట్యాంకరు వచ్చి నీళ్లు నింపింది. నడుము లోతు సరస్సు తయారైంది. గంగన్న తన చిన్న పడవను ట్రాలీ మీద తెచ్చి అందులో దింపాడు.

ఇక నీళ్ల మీద నడక. ఇంకో రాత్రి శిష్యులు ఎదురుగాలితో పెనుగులాడుతుంటే ప్రభువు నీళ్ల మీద నడిచి వచ్చాడు. నన్నూ రమ్మనమని పేతురు అడిగి, పడవ దిగి, నాలుగడుగులు వేసి, గాలిని చూసి భయపడి మునిగిపోబోయాడు. ప్రభువు చెయ్యి పట్టుకుని పైకి తీశాడు. దీనికి నీళ్ల కింద కనబడకుండా బల్లలు కావాలి. గడలు పాతుదామంటే టార్పాలిన్ చిరుగుతుంది. దుర్గాభవాని బాగా ఆలోచించి, ఖాళీ నీలం డ్రమ్ముల మీద బల్లలు కట్టి, వాటిమీద ఇసుక బస్తాలు వేసి, బెత్తెడు నీళ్ల కిందకు అదిమిపెట్టింది. ఒకటి పేతురుకు, కొంత ఎడంగా ఇంకొకటి ప్రభువుకు. రెంటి మధ్య పేతురు మునగాలి.

రిహార్సలు రోజున ఎవరో గేటు వేయడం మరిచారు. వీధిలో తిరిగే పందులు కొబ్బరిచిప్పల వాసనకు లోపలికి వచ్చి, ఉరుముల కోసం ఊపిన రేకుల మోతకు బెదిరి, తూర్పు కొండ మీంచి బుడుంగు బుడుంగుమని సరస్సులో దూకాయి. పాస్టర్ గారు తల పట్టుకున్నారు. "అది కూడా ఈ సరస్సు కథే గాని, మన కార్యక్రమంలో లేదు గదమ్మా!" దయ్యాలు పట్టిన పందుల గుంపు తూర్పు ఒడ్డున కొండవాలు మీంచి నీళ్లలో పడిన కథ ఉందని రేష్మ చెప్పేసరికి, దుర్గాభవాని నవ్వలేక నేల మీద కూర్చుండిపోయింది. గంగన్న పందుల్ని పడవతో తోలి ఒడ్డుకు చేర్చాడు.

అసలు చిక్కు పండగకు ముందురోజు వచ్చింది. పేతురు వేషం వేయవలసిన సంఘపెద్దకు టైఫాయిడ్. పాస్టర్ గారు గంగన్న వైపు చూశారు. గడ్డం ఉంది, బెస్తవాడు, పడవ కూడా ఆయనదే.

గంగన్న చేతులు జోడించాడు. "బాబూ, నడవమంటే నడుత్తాను గాని మునగనేను. పుట్టినకాడ్నించి ఈతే. మునిగీమంటే ఒల్లు ఊరుకోదు, తేలిపోద్ది." చూపించమంటే దిగి చూపించాడు కూడా. మునుగుతున్నట్టు కేకలు వేస్తూనే చేపలా హాయిగా తేలుతున్నాడు. చూసేవాళ్లకు భయం కలగలేదు సరికదా, చల్లగా ఉంటుందేమో మనమూ దిగుదామా అనిపించింది.

"నీల్లంటే నిజంగా భయమున్నోడు కావాల," అన్నాడు పైకి వచ్చి తల తుడుచుకుంటూ.

అందరి చూపులూ ఎటు తిరిగాయో చెప్పనక్కర్లేదు. జగదీశ్వరరావు అప్పుడే ఆఫీసునుంచి భార్యకు టిఫిన్ తెచ్చి, గేటు దగ్గర గొడుగు ముడుస్తున్నాడు.

"నానా?" అన్నాడు విషయం విని. "నాను నీల్లలోకా? ఏటి భవానీ, నువ్వయినా సెప్పవేటి?"

"సెప్తాను," అంది దుర్గాభవాని. ఆయన్ని ఒక పక్కకు తీసుకెళ్లింది. ఎప్పుడూ లేనిది మెల్లగా మాట్లాడింది. "ఏటండీ, ఆ పేతురు గొప్ప వీరుడేం కాడట. దిగినాక భయపడిపోనాడట. అయినా ముందు పడవ దిగినోడు అతనొక్కడేనట. మిగతావోలు కూకున్నారట. మీకు నచ్చితేనే దిగండి. నచ్చకపోతే నాను అయ్యగారికి సెప్పేత్తాను."

జగదీశ్వరరావు సరస్సు వైపు చూశాడు. టిఫిన్ క్యారేజీ వైపు చూశాడు. "నడుం లోతేనా?" అన్నాడు.

"నడుం లోతే."

"నా నడుమా, నీ నడుమా?"

క్రిస్మస్ సాయంత్రం ఆవరణ కిక్కిరిసిపోయింది. సంఘంవాళ్లే కాదు, వీధి వీధంతా వచ్చింది. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, ఠాకురాణి గుడి దగ్గర పూలమ్మే ఆడవాళ్లు, పార్సిల్ ఆఫీసు మొత్తం. మైకులో పాస్టర్ గారు కథ చదువుతున్నారు. చర్చి పాటల బృందంలో పాడే అర్జున్ ప్రభువు వేషంలో, తెల్లటి అంగీతో పడవలో నిద్రపోతున్నాడు. ఫ్యాన్లు తిరిగాయి. రేకులు ఉరిమాయి. పడవ నిజంగానే ఊగింది, పేతురు వేషంలో ఉన్న జగదీశ్వరరావు నిజంగానే అరిచాడు. అర్జున్ లేచి చెయ్యి చాపాడు. దుర్గాభవాని ఫ్యాన్ల స్విచ్ ఆపింది. గాలి ఒక్కసారి ఆగి, నీళ్లు సద్దుమణిగి, దీపాల వెలుగు సరస్సులో నిలువుగా నిలబడింది. అంతమందిలో ఎవరూ దగ్గలేదు. తను కట్టిందే అయినా ఆమె స్విచ్ మీంచి చెయ్యి తీయడం మరిచిపోయింది.

ఆ తరవాత నీళ్ల మీద నడక. ఫ్యాన్లు మళ్లీ తిరిగాయి. అర్జున్ పడవ దిగి తన బల్ల మీద నిలబడ్డాడు. చూస్తే నిజంగా నీళ్ల మీద నిలబడ్డట్టే ఉంది. జనం అబ్బురపడి గుసగుసలాడారు. పడవ పేతురు బల్ల దగ్గరికి వచ్చింది. ఆ ఊపులో పడవ ముక్కు బల్లను ఠంగుమని తగిలింది. ఇసుక బస్తాలు ఒకదాని వెనక ఒకటి జారి అడుక్కి పోయాయి. అదే క్షణంలో జగదీశ్వరరావు కళ్లు మూసుకుని పడవ దిగాడు. బరువు పోయిన డ్రమ్ములు బుడగల్లా పైకి లేచాయి. ఫ్యాన్ల గాలి వెనకనుంచి తోసింది. బల్ల కదిలింది.

పేతురు నడవడం లేదు. నిలబడి వెళ్లిపోతున్నాడు.

"పేతురు నీళ్ల మీద... ముందుకు సాగెను," అన్నారు పాస్టర్ గారు మైకులో. చేతులు చాపి నిలబడ్డ అర్జున్‌ను దాటుకుంటూ పేతురు గంభీరంగా తూర్పుకు సాగిపోయాడు. "ఇంకా... సాగెను," అన్నారు పాస్టర్ గారు నీరసంగా.

జగదీశ్వరరావు ఒక కన్ను తెరిచాడు. రెండోదీ తెరిచాడు. చుట్టూ నీళ్లు, తను మాత్రం మునగలేదు. పార్సిల్ ఆఫీసు బెంచీలెక్కి ఈలలు వేస్తోంది. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. ఒక చెయ్యి లేపి ఊపాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త అలా నవ్వడం దుర్గాభవాని చూడలేదు.

కాని కథ ఆగిపోయింది. ఆమె ఒడ్డు వెంబడి పరుగెత్తింది. "ఏటండీ! మునగండీ! బేగి మునగండీ!"

ఊరందరి ముందూ ఒక ఇల్లాలు మొగుణ్ని మునిగిపొమ్మని మొత్తుకోవడం బరంపురం ఎన్నడూ చూసి ఉండదు. జనం ఒకరిమీద ఒకరు పడిపోయారు. పూలమ్మే ఆడవాళ్లు కూడా "బుడ, బుడ!" అని ఒడియాలో వంత పాడారు. దుర్గాభవాని కాలు యొర్దాను గొట్టానికి తగిలి, హెర్మోను కొండ మీద కూలబడింది. మంచుకొండ కరకరమని ఆమె కింద మైదానమైపోయింది. అక్కడే కూర్చుని, ఒళ్లంతా తెల్లటి పూసలతో, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది.

బల్ల మీదినుంచి జగదీశ్వరరావు ఆమెను చూశాడు. ఏం తోచిందో, ముక్కు పట్టుకుని దూకేశాడు.

ఆయన తల నీళ్లలో మాయమైంది. మళ్లీ పైకి వచ్చినప్పుడు, "ప్రభువా, రచ్చించు!" అన్న కేక వచ్చింది. నేర్పిన మాటే, కాని నేర్పిన గొంతు కాదు. ఆ కేకకు నవ్వులన్నీ టక్కున ఆగాయి. అర్జున్ తన బల్ల దిగి, అంగీ తడుస్తుంటే నీళ్లను చీల్చుకుంటూ వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని లేపాడు. నీళ్లు నడుముదాకానే ఉన్నాయి. అయినా జగదీశ్వరరావు ఆ చెయ్యి వదలలేదు. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని ఒడ్డుకు నడిచివచ్చారు. పాస్టర్ గారు చదవవలసిన మాటలు మరిచిపోయి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వీధి చివరిదాకా పాకాయి.

దుర్గాభవాని పరుగున వెళ్లి తన శాలువా భర్త భుజాల మీద కప్పింది. "భయమేసిందేటండీ?"

"ఏసింది," అన్నాడాయన, పళ్లు టకటకలాడుతుంటే. "మల్లీ ఎల్లొచ్చేటి?"

మర్నాడు పొద్దున్నే పందిరి విప్పడానికి వెళ్లేసరికి సరస్సు ఒడ్డున పొగ లేస్తోంది. గంగన్న తంపరనుంచి బుట్టెడు చేపలు తెచ్చి బొగ్గుల మీద కాలుస్తున్నాడు. చర్చి ఆడవాళ్లు రొట్టెలు చేస్తున్నారు. ఆ చేప పేరు తిలాపియా. గలిలయ సరస్సులో దాని చుట్టాలే ఉన్నాయనీ, పేతురు చేప అని పేరు పెట్టి యాత్రికులకు గొప్పగా వడ్డిస్తారనీ రేష్మ చెప్పింది.

"ఇదా?" గంగన్న నోరు తెరిచాడు. "బజార్లో బతిమాలినా దీన్ని ఎవలూ కొనరు గదేటమ్మా!"

తింటుండగా రేష్మ ఆ సరస్సు ఆఖరి కథ చెప్పింది. ప్రభువు చనిపోయి లేచిన తరవాత, దిక్కుతోచక శిష్యులు మళ్లీ చేపలకే వెళ్లారట. రాత్రంతా వేసినా ఒక్కటీ పడలేదట. తెల్లవారాక ఒడ్డునుంచి ఎవరో, కుడివైపు వెయ్యండి అన్నారట. వల లాగలేనంత చేప పడిందట. పేతురు ఎవరో గుర్తుపట్టి, పడవ ఒడ్డుకు చేరేదాకా కూడా ఆగక నీళ్లలో దూకేశాడట. ఒడ్డుకు వచ్చి చూస్తే బొగ్గుల మీద చేపలు, పక్కన రొట్టె. రండి, తినండి అన్నాడట ప్రభువు.

"పెద్ద మాటలేటీ సెప్పలేదా?" అడిగింది దుర్గాభవాని.

"ముందు తినమన్నాడు ఆంటీ. మాటలన్నీ ఆ తరవాతే."

"మంచోడు," అంది దుర్గాభవాని, ఇంకో చేప భర్త విస్తట్లో వేస్తూ.

ఆమె ఫోను మోగింది. పొలసర నుంచి ఇంకో చర్చివాళ్లు. సరస్సు వీడియో చూశారట, ఈస్టరుకు ఎర్రసముద్రం కావాలట, అది రెండుగా చీలాలట. దుర్గాభవాని నోట్లో చేపముక్క ఉండగానే నవ్వు తన్నుకొచ్చి పొలమారింది. గంగన్న వీపు మీద చరుస్తున్నాడు, రేష్మ నీళ్లందిస్తోంది. ఈలోగా జగదీశ్వరరావు ఫోను అందుకుని, చెయ్యి తుడుచుకుని, ఎంతో మర్యాదగా అడుగుతున్నాడు:

"సీల్తాదండీ, తప్పకుండా సీల్తాది. అందులో మడిసి మునగాలేటండీ?"